ముందు సీట్ల స్నేహం

సోంపేట నుంచి పలాస వెళ్లే పొద్దుటి బస్సులో ముందు సీట్లన్నీ మేస్టర్లవీ గుమస్తాలవీ. కండక్టరు ధనుంజయకి ఆ ముందు సీట్లవాళ్లంటే ప్రాణం. సైన్సు మేస్టారు కూర్మనాథం రోజూ అతన్ని పట్టుకుని పాఠం మొదలెట్టేవాడు. "కరెంటు మోసే రాగితీగా కండక్టరే, పుల్ల ఊపుతూ వందమంది చేత వాయిద్యాలు వాయించేవాడూ కండక్టరే, మా ధనుంజయా కండక్టరే!" అందరూ నవ్వితే ఇతగాడు పొంగిపోయేవాడు. తనూ వాళ్ల జట్టేననుకున్నాడు, వెర్రివాడు. తన తండ్రి తాలూకాఫీసులో గుమస్తా అని కోతలు కూడా కోశాడు. నిజానికి ఆ తండ్రి చేపల వేటకెళ్లి సముద్రంలోనే పోయాడు. తల్లి బంగారమ్మ చేపలమ్మి చదివించింది. తన బస్సెక్కొద్దని ఆమెకి గట్టిగా చెప్పిపెట్టాడు.

ఆరోజు ఆటోవాళ్ల సమ్మె. బంగారమ్మ చేపల గంపతో దారిలో ఎక్కింది. ధనుంజయ గబుక్కున ముందు సీట్లకేసి చూశాడు. ఆమె మాత్రం కొడుకు మొహం కేసైనా చూడకుండా వెనకాల నిలబడి, "బాబూ, పలాసకొక టిక్కెట్టు కొట్టు" అంది.

"అబ్బబ్బ, ఏం కంపయ్యా! ఆవిణ్ణి దింపుతావా, మమ్మల్ని దిగమంటావా?" అన్నాడు మండలాఫీసు గుమస్తా నారాయణరావు, ముక్కు మూసుకుని.

ధనుంజయ బెల్లు కొట్టాడు. "దిగు, దిగు! ఇది చేపల బండి కాదు."

"ఇక్కడా బాబూ? నీడైనా లేదు. నడిసెల్లేసరికి సరుకు పాడైపోతాది. ఓ మూల నిలబడే వత్తాను."

"సెప్తే అర్థం కాదేటి? దిగు!" కంగారులో ఇంటి యాస బయటపడింది.

ఆమె గంప దగ్గరికి వంగింది. గంపకి ఓ చెయ్యి వెయ్యమన్నట్టు చూసింది. వేస్తే నీచు అంటుతుందని అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమే ఎత్తుకుంటుంటే రెండు కవళ్ల చేపలు జారి మెట్ల మీద పడ్డాయి. వాటిని బూటుతో బయటికి తన్నాడు. ఛీ, ఏం బతుకు! తల్లి కిందికి దిగి వాటిని కూడా ఏరుకుంది.

బస్సు కదిలింది. మెచ్చుకుంటారని ధనుంజయ ముందుకొచ్చాడు. నారాయణరావు మేస్టారి తొడ మీద చరిచి పకపకా నవ్వుతున్నాడు. "పందెం ఓడిపోయారు మేస్టారూ! దింపుతాడన్నానా లేదా? పలాసలో టీలు మీవే."

"కన్నతల్లిని దింపడనుకున్నానయ్యా" అన్నాడు కూర్మనాథం.

ధనుంజయ వాళ్లిద్దరి కేసీ చూశాడు. "మీకు... తెలుసా?"

"మా ఇంటికి చేపలేసేది ఆవిడేనోయ్! తన కొడుకు ఈ బస్సులోనే కండక్టరని ఎప్పుడో మురిసిపోయి చెప్పింది. నీ గుమస్తా కోతలు విని ఎన్నాళ్లు నవ్వుకున్నామో!" అన్నాడు నారాయణరావు.

పలాసలో దిగాక బడ్డీ దగ్గరికి అతన్నీ పిలిచారు. ధనుంజయ వెళ్లాడు. టీ తాగాడు. వాళ్లు మళ్లీ ఆ సంగతే చెప్పుకుని నవ్వుతుంటే, తనూ నవ్వాడు.