కూర్చుని తిన్నవాడి సాక్ష్యం

ఐస్ ఫ్యాక్టరీ వ్యాను బ్రేకు పడక మా ఆవిడను గోడకేసి నొక్కేసింది. నలభై ఒక్క రోజులు ఆసుపత్రిలో మూలిగి పోయింది. బ్రేకులు పోయాయని డ్రైవరు రెండుసార్లు చెప్పాడట. "ఈ ఎండాకాలం గడవనీ" అన్నాడట యజమాని. వ్యానుకు ఇన్సూరెన్సు కూడా కట్టలేదు. అంటే కోర్టు ఎంత వేస్తే అంతా అతని జేబులోంచే రావాలి. ఆ సంగతి తెలిశాకే నాకు అన్నం సయించింది.

ఆమె పోయిన వారానికి ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. పరామర్శించాడు. పోతూ పోతూ, "అమ్మగారు ఏమైనా పని చేసేవారాండీ?" అన్నాడు.

"ఆడదాని సంపాదన తినే ఖర్మ మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు."

నాకు అలవాటైన మాట అది. మిల్లు మూతపడి నేను ఇంట్లో కూర్చున్న ఆరేళ్లూ వీధంతా అదే చెప్పాను. ఆమె తెల్లవారుజామున లేచి ఒక బట్టల కొట్టుకు దిండు గలేబులు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఎవరైనా అడిగితే "తోచక కుడుతుంది" అనేవాణ్ణి. పక్కనే నిలబడి ఆమె తలూపేది. మేనేజరు నా మాట కాగితం మీద పెట్టి సంతకం చేయించుకున్నాడు. ఊరికే, రికార్డు కోసమన్నాడు.

నేను నష్టపరిహారం కేసు వేస్తే ఆ కాగితం కోర్టుకు చేరింది. మా లాయరమ్మ తల పట్టుకుంది.

"ఆవిడ ఏడాదికి ఎంత సంపాదించేదో చూస్తారు బాబాయ్‌గారూ. తన తిండికీ బట్టకీ పోయేది తీసేస్తారు. మిగిలినదాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. ఆసుపత్రి బిల్లులు, ఆ నలభై ఒక్క రోజుల నొప్పికి కొంత కలుపుతారు."

"నొప్పికెంత?"

"అన్నిటికంటే తక్కువ దానికే. నొప్పికి రసీదు ఉండదుగా. అసలు బరువంతా సంపాదన మీదే. అది సున్నా అని మీరే సంతకం పెట్టి కూర్చున్నారు."

"ఇప్పుడేం చేయాలి?"

"బోనెక్కి నిజం చెప్పాలి. ఆవిడ సంపాదించిందని చెబితే చాలదు. ఆ సంపాదన మీదే మీరు బతికారని చెప్పాలి. లేకపోతే మీకు పోయిందేముంది అంటారు."

వెంట వచ్చిన బావమరిది నవ్వాడు. ఏడుపు కంటే హీనమైన నవ్వు.

"చెప్పెయ్ బావా. వచ్చినప్పుడల్లా అక్క వేళ్లకు సూది పోట్లు చూసేవాణ్ణి. నువ్వేమో తోచక అనేవాడివి."

"మరి ఇన్నాళ్లూ నోరెత్తలేదేంరా?"

"అక్కే వద్దంది. నలుగురిలో నీకు తలవంపులట."



వాయిదా రోజున కోర్టు వరండాలో మేనేజరు పట్టుకున్నాడు. "మా అయ్యగారు మీరు అడిగినదాంట్లో ముప్పావు వంతు ఇప్పుడే ఇచ్చేస్తామంటున్నారు. బోనెక్కే పనే లేదు. మీ పరువూ మీకుంటుంది."

అయ్యగారు వరండా చివర ఫోనులో ఎవరితోనో పడీ పడీ నవ్వుతున్నాడు.

"తప్పు తనదని రాసిస్తాడా?"

"రాజీలో అలా రాయరండీ."

"అయితే అడ్డు లే."

బోనెక్కాను. వాళ్ల లాయరు మీసం దువ్వుకున్నాడు. "అంటే ఆరేళ్లు పెళ్లాం సంపాదన కూర్చుని తిన్నారన్నమాట?"

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. అందరూ మా వీధివాళ్లే.

"తిన్నాను. మిషను చప్పుడుకు నిద్ర పాడవుతోందని ఆమెను కసిరాను కూడా. అదీ రాయించండి."

"మరి సంపాదన లేదని సంతకం ఎందుకు పెట్టారు?"

"సిగ్గేసి."

 తర్వాత బట్టల కొట్టు యజమాని కూలి పుస్తకం తెచ్చాడు. ఆరేళ్లపాటు వారం వారం ఆమె సంతకాలు. జడ్జిగారు పేజీలన్నీ తిప్పి చూశారు.

తీర్పు నేను అడిగినదానికి దగ్గరగా వచ్చింది. మర్నాడే ఐస్ ఫ్యాక్టరీ యజమాని మా ఇంటికొచ్చి చేతులు జోడించాడు. "ఒక్కసారే అంటే ఫ్యాక్టరీ అమ్ముకోవాలండీ. ఎనిమిదేళ్ల వాయిదాలు ఇప్పించండి."

ఒప్పుకోవద్దని లాయరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను రాత్రంతా ఆలోచించాను. ఫ్యాక్టరీ అమ్మితే ఒక్కసారి ఏడ్చి ఊరుకుంటాడు. అది నాకు చాలదు.

షరతు పెట్టి ఒప్పుకున్నాను. ప్రతి ఒకటో తారీఖునా మేనేజరు కాదు, తనే రావాలి. వీధి మొదట్లో కారు దిగి నడిచి రావాలి. డబ్బు ఇచ్చేముందు అది ఎందుకు ఇస్తున్నాడో గుమ్మంలో నిలబడి చెప్పాలి. ఒక్క నెల తప్పినా మిగతాదంతా ఒకేసారి కట్టాలి. అవన్నీ కాగితం మీద రాయించాను.

ఇప్పటికి ఏడు నెలలు వచ్చాడు. "బ్రేకులు పోయాయని తెలిసీ బాగుచేయించలేదు" అని గొణుగుతాడు. "వినపడలేదు" అంటాను. ఎదురింటివాళ్లు కిటికీ తీసేదాకా అలాగే అంటాను.

ఇంకా ఎనభై తొమ్మిది నెలలున్నాయి. ఆమె పోయాక మానేసిన బీపీ మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను. ఒక్క పూట కూడా తప్పడం లేదు.