బేరింగ్ పోయిన ప్లేయర్

తాతబ్బాయి జంగ్లీఘాట్ రేవుకి రావడం మానేసి ఆరేళ్ళయింది. ఆ రేవులో అతను బాగుచెయ్యని డింగీ పడవ ఇంజిను లేదు, అతని చేత తిట్లు తినని డింగీ యజమానీ లేడు. భార్య అచ్చమ్మ పోయిన రెండేళ్ళకి పనిముట్లు పెట్టెలో పడేసి చౌల్దారీ ఊళ్ళో ఇంటి గడప పట్టుకుని కూర్చున్నాడు. పిలిస్తే రాడు. వచ్చినవాళ్ళని కూర్చోమనడు.

అలాంటివాడు ఒక పొద్దున చౌల్దారీ బస్సు దిగి, పాత చీరముక్కలో చుట్టిన పళ్ళెమంత వస్తువుని చంకన పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బాబ్జీ కొట్టు దాకా నడిచాడు. బాబ్జీ పాత సామాను కొని అమ్ముతాడు. ఊళ్ళో మూతపడ్డ ఒక హోటల్ సామానంతా ఈమధ్య వేలంలో పాడాడు. అందులో పాతకాలపు సినిమా డిస్కులు ఆడించే లేజర్ డిస్క్ ప్లేయర్లు రెండున్నాయని తాతబ్బాయి చెవిన పడింది.

దీనంతటికీ కారణం మరదలు గవరమ్మ. నెల కిందట ఫోన్ చేసి మాటల్లో, "అక్క గొంతూ నా గొంతూ ఒకటేలాగుంటాయనీవోరు గదా బావా అందరూ. నిజమేనేటి?" అంది. కాదని కసిరెయ్యడానికి నోరు తెరిచాడు. అచ్చమ్మ నుదుటి మీద మచ్చ గుర్తుంది. కోపం వస్తే కొంగు బిగించే తీరు గుర్తుంది. గొంతు మాత్రం లేదు. ఎనిమిదేళ్ళలో ఎప్పుడు జారిపోయిందో తెలియకుండా పోయింది. ఫోన్ పెట్టేసి ఆ పూట అన్నం మానేశాడు.

ఆమె గొంతు లోకంలో మిగిలినది ఒక్కచోటే. ముప్పై మూడేళ్ళ కిందట జపాన్ నుంచి సినిమావాళ్ళు వచ్చి జంగ్లీఘాట్ రేవుని సినిమా తీసుకుపోయారు. తాతబ్బాయి తన డింగీలో పట్టుకొచ్చిన చేపల్ని వలలోంచి విడదీస్తున్న అచ్చమ్మ దగ్గర ఆగి ఏవో అడిగారు. ఆమె చెప్పింది, నవ్వింది. పరాయివాళ్ళ ముందు పళ్ళు ఇకిలించిందని తాతబ్బాయి తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. మరుసటి ఏడు అద్దంలా మెరిసే పెద్ద డిస్క్ ఒకటి టపాలో వచ్చింది. దాన్ని ఆడించే ప్లేయర్ ఆ హోటల్లో ఉందని తెలిసి, ఒక్కసారి అడిగి చూసొద్దామని అచ్చమ్మ నాలుగుసార్లు బతిమాలింది. నాలుగుసార్లూ ఒకే జవాబు. "సిగ్గు లేదేటి నీకు?" ఐదోసారి ఆమె అడగలేదు.

ఇప్పుడు ఆ హోటల్ ప్లేయర్లే బాబ్జీ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

"అరే బాబాయ్! నువ్వేటి ఇలాగ? దారి తప్పేవా?" అన్నాడు బాబ్జీ.

"కబుర్లకి రాలేదు. ఏది ఆడతాది?"

"రెండూ ఆడతాయి. కానీ నువ్వు ఇదే తీసుకో." బాబ్జీ సన్నగా, నల్లగా, గీత పడకుండా ఉన్నదాన్ని గుడ్డతో తుడిచాడు. "ఏక్‌దమ్ కొత్తదిలాగుంది చూడు. దీని రిమోటే ఎక్కడో పోనాది. అదేమో" అని రెండోదాన్ని మోచేత్తో చూపించాడు. అది బూడిదరంగు ఇనప్పెట్టెలా ఉంది. ఒక మూల సొట్ట. "అది దీని తాత. పార్టులకి ఉంచేను."

తాతబ్బాయి రంగు చూసి ఏ ఇంజినూ కొన్నవాడు కాడు. "రెండూ తిప్పు. చప్పుడు వినాలి."

బాబ్జీ ఏదో పాటల డిస్క్ వేసి తిప్పాడు. కొత్తది చప్పుడు లేకుండా తిరిగింది. పాతదానికి తాతబ్బాయి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల సన్నగా రాపిడి.

"బేరింగ్ పోయింది" అన్నాడు.

"పోనాది. నీకు అబద్ధం చెప్తే బతకనిస్తావేటి? ఆర్నెల్లు తిరిగితే ఎక్కువ. అందుకే చెప్తన్నాను, కొత్తది పట్టుకుపో."

తాతబ్బాయి చీరముక్క విప్పాడు. బాబ్జీ ఆ డిస్క్ అందుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేటి బాబాయ్, కొబ్బరినూనె వాసన? దీనికి నూనె రాసిందెవరు?"

రాసింది ఎవరో తాతబ్బాయికి తెలుసు. ఈ దీవుల్లో ఉప్పుగాలి దేన్నీ బతకనివ్వదు. కత్తి, కుట్టుమిషను, ట్రంకుపెట్టె గడియ, మెరిసేది ఏదైనా సరే, నూనె తగలకపోతే వానాకాలం దాటదు. అమావాస్య వచ్చిందంటే ఇంట్లో ఇనప సామానంతా ముందేసుకుని కూర్చునేది అచ్చమ్మ. అన్నిటితోపాటు డిస్క్‌కీ రాసేది. చూసే యోగం లేని వస్తువుకి అంత సేవ ఎందుకని అతను ఎన్నోసార్లు వెక్కిరించాడు. ప్లాస్టిక్కుకి తుప్పేమిటని మాత్రం ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కొత్త ప్లేయర్ డిస్క్‌ని మింగి, గిరగిరా తిప్పి, బయటికి తోసేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసింది.

"నూనె మీద ఇన్నేళ్ళ దుమ్ము పేరుకుపోనాది. దానికేం కనిపిస్తాది?"

"పాడుచేసేసింది" అన్నాడు తాతబ్బాయి. "ఏ పని చేసినా తెలిసి చేసేది కాదు."

"చచ్చిపోయినామెని కూడా ఒగ్గవేటి బాబాయ్? ఛోడో, వదిలెయ్. కడుగుదాం ఉండు."

బాబ్జీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కలిపి, డిస్క్‌ని కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకి నిదానంగా తుడిచాడు. నీళ్ళు పచ్చగా దిగాయి. తాతబ్బాయి ఆ నీళ్ళు పారబొయ్యడం కూడా దగ్గరుండి చూశాడు.

ఈసారి కొత్త ప్లేయర్ పట్టుకుంది. టీవీలో సముద్రం, డింగీలు, ఇప్పుడు లేని పాత షెడ్డు. ఆ వెనక అచ్చమ్మ. ముప్పై ఏళ్ళ మనిషి, ముక్కుపుడక, మోచేతుల దాకా చేపపొలుసు. పెదవులు కదిలాయి. వినిపించింది మాత్రం మగ గొంతు. జపాన్ భాషలో, గుడిలో మైకు పట్టుకున్నవాడిలా ఆపకుండా చెప్పుకుపోతోంది. దాని కింద ఆమె మాట అణగిపోయింది. చెవి టీవీకి ఆనించినా అందలేదు.

"వాడి నోరు ముయ్యించు" అన్నాడు తాతబ్బాయి.

"మూయించొచ్చు, రిమోట్ ఉంటే. ఇందులో శబ్దం రెండు వరసలుగా ఉంటాది బాబాయ్. కొత్త వరసలో కథ చెప్పేవోడుంటాడు. పాత వరసలో రేవు చప్పుడే ఉండొచ్చు. ఈ మెషిన్ కొత్త వరసే పట్టుకుంటాది. మార్చే బటన్ రిమోట్‌లోనే ఉంది. బజార్లో దొరికే రిమోట్లు దీనికి పనిచెయ్యవు, చూసేసేను."

"మరి ఆ తాత?"

బాబ్జీ సొట్ట పెట్టె వైపు తిరిగాడు. "దానికి కొత్త వరస సంగతే తెలీదు. అది పుట్టినప్పటికి ఆ వరసే లేదు."

డిస్క్ ఇనప్పెట్టెలోకి మారింది. రాపిడి మొదలైంది. బొమ్మ కాస్త వణికింది. జపాన్ గొంతు లేదు. గాలి, కాకులు, దూరంగా ఎవడో ఐసు కొడుతున్న చప్పుడు. కెమెరా పక్కనుంచి ఎవరో హిందీలో అడిగారు, మీ ఆయన పడవ ఆలస్యమైతే భయం వెయ్యదా అని.

"డర్ కాయ్‌కా?" అంది అచ్చమ్మ, భయం దేనికన్నట్టు.

గవరమ్మ గొంతు కాదు. దగ్గర దగ్గరగా కూడా లేదు. కొంచెం బొంగురు. మాట చివర తెగ్గొట్టినట్టు ఆగుతుంది. తాతబ్బాయి బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆమె హిందీ వదిలేసి తెలుగులో పడింది. "ఆయన ఇంజిను చప్పుడు మలుపులో ఉండగానే నాకు తెలుస్తాది. కోపంగా ఉన్నాడో, ఆకలిగా ఉన్నాడో కూడా తెలుస్తాది. ఆ మడిసి నోరిప్పడండి. ఇంజినే మాటాడతాది. అదిగో, అక్కడే కూకున్నాడు చూడండి." నవ్వు. కెమెరా పక్కకి తిరిగింది. డింగీలో ఇంజిను మీదికి వంగిన ఒక వీపు. చిరుగు బనీను. "ఏటయ్యా! ఓసారి ఇటు తిరుగు. నిన్నే."

వీపు కదల్లేదు.

"తిరుగయ్యా! నీ మొకం కూడా సినిమాలో పడాల!"

స్పానర్ రెండు చుట్లు తిరిగింది. మనిషి తిరగలేదు. కెమెరా కాసేపు చూసి, విసుగొచ్చి, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

ఆమె నవ్వింది ఒక్కటే ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాడు. పిలిచిన సంగతి మర్చిపోయాడు.

"వినబడలేదేటి బాబాయ్ నీకు?" అన్నాడు బాబ్జీ మెల్లిగా.

"వినబడింది."

బాబ్జీ జేబులోంచి ఫోన్ తీశాడు. "మళ్ళీ వేస్తాను. రికార్డు చేసి మీ మరదలికి పంపిస్తాను. ఈ చచ్చుపెట్టె నీకెందుకు?"

"జేబులో పెట్టు."

"అది కాదు బాబాయ్..."

"సాయంత్రానికి జంగ్లీఘాట్‌లో ప్రతి వెధవ ఫోన్‌లోనూ ఉంటాది. నా పెళ్ళాం నన్ను పిలిస్తే వాళ్ళు వినాలేటి? పెట్టు లోపల."

బాబ్జీ పెట్టేశాడు. "అయితే కొత్తదే తీసుకో. ఎప్పటికైనా రిమోట్ దొరక్కపోదు."

"ఆ తాతని కట్టు."

"బేరింగ్ పోయిన ఇంజిను కొనకండని నలభై ఏళ్ళు మా బుర్రలు తిన్నావు. నువ్వే కొంటావేటి?"

"కట్టమన్నాను."

ఆ బరువు మోసుకుని మధ్యాహ్నం బస్సులో చౌల్దారీ చేరాడు. దారిలో కండక్టరు పైన పెట్టమంటే పెట్టలేదు, ఒళ్ళోనే ఉంచుకున్నాడు. ఇంట్లో టీవీకి కలిపి తలుపు గడియ వేశాడు.

నాలుగుసార్లు వేశాడు. నాలుగుసార్లూ అచ్చమ్మ పిలిచింది. నాలుగుసార్లూ ఆ మనిషి తిరగలేదు.

"తిరగరా" అన్నాడు తాతబ్బాయి టీవీతో. "తిరిగితే నీ సొమ్మేం పోతాదిరా వెధవా."

ఐదోసారికి రాపిడి పెరిగింది. పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు, కాలుతోంది. ఆపేశాడు. డిస్క్ తీసి చీరముక్కలో చుట్టాడు. చెయ్యి అచ్చమ్మ లాగే గూట్లోని కొబ్బరినూనె సీసా దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది.

మంచం కిందనుంచి ఆరేళ్ళుగా తెరవని పనిముట్ల పెట్టె లాగాడు. ప్రతి స్పానరూ తుప్పుపట్టి ఉంది. నూనె రాసే మనిషి లేక. గుడ్డ తీసుకుని ఒక్కొక్కటే తుడిచి వరసగా పెట్టుకున్నాడు. తరవాత ప్లేయర్ని బోర్లించి మొదటి మర విప్పాడు.