సున్నా కామా రెండు

వంటగది కిటికీ పక్కన ఆకుపచ్చటి నీటి వెలుగు. ఆ వెలుగులో వేలెడంత చేపలు రెండు.

ఎవరు ఆయన? ఎవరు ఆమె?

చిన్నప్పటి నుంచీ మోస్తున్న సందేహమే ఇది. ప్రతి జాతిలోనూ ఒక మగ, ఒక ఆడ ఓడలోకి రావాలని జలప్రళయానికి ముందు దేవుడు నోవహుతో చెప్పాడు. సరే. పొట్టేలును చూస్తే తెలుస్తుంది. పుంజును చూస్తే తెలుస్తుంది. మరి పావురాన్ని ఎలా పోల్చుకున్నాడు? ఆ తొందరలో పొరపాటు పడలేదా?

ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌ని అడిగాను. ఆయన నవ్వి, చేపలకు ఓడతో పనేముంది అలోయిస్, నీకెందుకు దిగులు అన్నారు.

నా దిగులంతా చేపల గురించే.

రెండేళ్ల కిందట, మంచు కురిసే మధ్యాహ్నం, ఓటిలీ పెద్దమ్మ నేలమాళిగలోకి దిగాను. మా మొరావియా పల్లెలో అందరి నేలమాళిగల్లోనూ వైన్ పీపాలుంటాయి. ఆమె నేలమాళిగలో గాజుతొట్లు. తొట్లలో ఎర్రపొట్ట సిక్లిడ్ చేపలు. ఆమే, ఇప్పుడు లేని ఆమె భర్తా ముప్ఫై ఏళ్లు కాపాడుకొచ్చిన సంతతి. బయటి చేప ఒక్కటి కూడా కలవనిది.

ఒక జంట కావాలన్నాను. ఆమె డబ్బు పుచ్చుకోదు. చేపలు పెంచేవాళ్లలో ఒక పద్ధతి ఉంది — జంటను తీసుకెళ్లు, మొదటి కాన్పులోంచి ఒక జంటను తెచ్చివ్వు.

మోచేతుల దాకా నీళ్లలో ఉన్న ఆమె, బల్ల మీద సీసాలో జంట ఉంది, పట్టుకుపొమ్మంది.

బల్ల మీద రెండు సీసాలు. రెంటిలోనూ రెండేసి చేపలు. ఒక మూత మీద పెన్సిలుతో 1,1. ఇంకో మూత మీద 0,2.

మా ఊళ్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు; 0,2 అంటే ఒకటే అర్థం. వైన్ గ్లాసు మీద గీత పక్కన ఉంటుంది — లీటరులో ఐదో వంతు. పాత వైన్ సీసా మూతేమో అనుకున్నాను. సీసాలు రెండూ ఒకే సైజులో ఎందుకున్నాయో... అడగలేదు.

0,2 సీసాలో చేపలే అందంగా ఉన్నాయి. పొట్టల మీద పండిన చెర్రీ రంగు. ఆ సీసానే పట్టుకొచ్చాను. మరీ ఎర్రగా ఉన్నది మొగుడనుకున్నాను. పుంజుల సోకు చూసి పెరిగినవాణ్ణి.

ఇంట్లో పగిలిన పూలకుండీ ఒకటి బోర్లించి పెట్టాను. అవి ఇసుక తవ్వాయి. నాట్యమాడాయి. గుడ్లు పెట్టాయి.

నాలుగో రోజున గుడ్లు తెల్లబడ్డాయి. దూదిలా.

మళ్లీ గుడ్లు. మళ్లీ దూది.

ఏడుసార్లు.

పునీత అంతోనివారికి కొవ్వొత్తులు వెలిగించాను. ఆయన పోయినవాటిని వెతికిపెడతాడు గానీ రానివాటిని ఎక్కడ వెతుకుతాడని నా భార్య ద్రహోమీరా సందేహం. గుడి దగ్గర ఓటిలీ పెద్దమ్మ ఎప్పుడూ ఏమీ అడగలేదు. అదే కష్టం. నేను పక్క తలుపు గుండా బయటికొచ్చేవాణ్ణి.

ఈ ఫిబ్రవరిలో రెండు రోజులు కరెంటు పోయింది. నేలమాళిగ చల్లబడింది. ఆమె తొట్లలో కదలిక ఆగిపోయింది... మిగిలింది ఒకే ఒక్క మగచేప.

మూడో రోజు పొద్దున ఆమె మా వంటగదిలోకి వచ్చింది. తలగుడ్డ కూడా విప్పలేదు.

"నా చేపల్లో ఆడది ఒక్కటన్నా నీ దగ్గర బతికుందా నాయనా? ఒక్కటి చాలు."

"జంట ఉంది పెద్దమ్మా. పిల్లలే పుట్టలేదు."

ఆమె తొట్టి ముందు వంగింది. చూసింది. చాలాసేపు చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

"ఒరే అలోయిస్, ఇందులో మొగుడేడిరా? ఇద్దరు పెళ్లికూతుళ్లని ఒకే గదిలో పెట్టి, పిల్లల్లేరని దేవుడికి అర్జీలు పెడుతున్నావా?"

పిండి చేతులతోనే ద్రహోమీరా నోరు మూసుకుంది.

కామాకు ముందు మగవి, కామా తర్వాత ఆడవి — మూత మీద రాసే ఉంది కదరా అంది పెద్దమ్మ. వైన్ కొలత అనుకున్నానన్నాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఈయనకి కామా కనిపిస్తే దాహమేస్తుంది పెద్దమ్మా," అంది ద్రహోమీరా.

నవ్వులు. కన్నీళ్లు. మళ్లీ నవ్వులు.

తర్వాత ఆమె మెల్లగా అంది: "నువ్వు సరైన సీసా పట్టుకెళ్లుంటే ఇవాళ నాకు ఒక్కతే దొరికేది. ఇప్పుడు ఇద్దరున్నారు."

రంగు చూడకు, రంగు ఆడచేపది అని పెద్దమ్మ నేర్పింది. ఆడచేప పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పొట్ట వంచి చూపిస్తుంది. మగచేప పొడవు. వీపు రెక్క చివర సూది. తోక నడుమ మొన.

మిగిలిన ఆ మగచేప పెద్దమ్మ కోటు కింద పాలక్యానులో వచ్చింది.

మళ్లీ గుడ్లు. ఐదో రోజు. గుడ్లు తెల్లబడలేదు.

తొమ్మిదో రోజు. కుండీ గుమ్మంలోంచి ఒక ధూళిమేఘం తేలి వచ్చింది. ధూళికి కళ్లున్నాయి! ముందు తల్లి. వెనక తండ్రి. మా ఇల్లంతా మునివేళ్ల మీద నడిచింది.

ఆ పైన ఐదు నెలలు రోజుకు రెండుసార్లు మోకరిల్లాను — ఒకసారి సిలువ ముందు, ఒకసారి తొట్టి ముందు. వీడా? ఇదా? మొదట్లో అన్నీ ఒకటే. దేవుడు వెంటనే చెప్పడు... ఒక పొద్దున ఒక పొట్ట గులాబీ రంగు తేలింది. మర్నాడు ఒక తోకకు మొన వచ్చింది.

చెప్పాడు.

ద్రాక్షలు కోసే రోజుల్లో, పిల్లల్లోంచి ఒక జంటను వేసిన సీసా గుండెకు హత్తుకుని నేలమాళిగ మెట్లు దిగాను. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని సీసాను దీపానికి ఎత్తి పట్టింది.

"వాడేడి?"

చూపించాను.

ఆమె తల ఊపింది. రెంటినీ మెల్లగా తొట్టిలోకి వంపింది. అవి కాసేపు విడివిడిగా నిలబడ్డాయి. తర్వాత ఒక కొబ్బరిచిప్ప వైపు పక్కపక్కనే వెళ్లాయి.

"ఎవరు ఎవర్ని ఎంచుకున్నారంటావ్?"

నేను గాజుకు ముక్కు ఆనించి చూశాను. ఆమె కూడా చూసింది.

ఆమె ఖాళీ సీసా కడిగి బల్ల మీద బోర్లించింది. నీళ్లు ఒక్కో బొట్టూ జారి, చెక్క మీద సున్నాలా గుండ్రంగా పరుచుకుంటున్నాయి.