ఎత్తని చెయ్యి

మా బావ సుదర్శనానికి సగం చెవుడు. ఈ సంగతి మా అక్కకు తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. అత్తిమంజేరిపేటలో కరెంటు మగ్గాల షెడ్డులో పుట్టి పెరిగినవాళ్ళలో సగం మందికి ఉండే జబ్బే అది. కాకపోతే వాళ్ళెవరూ బాస్కెట్‌బాల్ రెఫరీలు కాలేదు. మా బావ అయ్యాడు. జిల్లాలో ఆడపిల్లల పెద్ద మ్యాచ్ ఏదైనా ఆయన విజిల్ లేకుండా జరగదు.

మగ్గాలు తిరిగే చోట అరిచి లాభం లేదు. మగ్గంలో నూలు కండె అయిపోయిందని చెప్పాలంటే వేలు తిప్పుతాం. అన్నానికి పిలవాలంటే పెదవులు కదిలిస్తాం, గొంతు వాడం. షెడ్డు అవతలి గోడ దగ్గర నిలబడ్డ మనిషి పెదవులను కూడా బావ పేపరు చదివినట్టు చదివేస్తాడు. బెంచీ మీద కోచ్‌లు గొణిగే తిట్లు కూడా ఆయనకు తెలిసిపోయేవి. సార్‌వి పాముచెవులు అనుకునేవాళ్ళు పాపం. నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

ఆయనకు అందనిది ఒక్కటే, బజర్. ఆ సన్నటి కీచు ఆయన చెవిదాకా రాదు. అందుకే టైము చూసే కుర్చీలో పదకొండేళ్ళుగా నేనే. ఆట టైము అయిపోగానే కుడిచేత్తో బజర్ నొక్కి, ఎడమచెయ్యి నిటారుగా పైకెత్తుతాను. బావ ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను నా మీద పెట్టి ఉంటాడు. నా చెయ్యి లేచేసరికి బంతి ఇంకా వేసే పిల్ల చేతిలోనే ఉంటే బాస్కెట్ చెల్లదు, చెయ్యి వదిలేసి ఉంటే చెల్లుతుంది. అంత పెద్ద రెఫరీని నడిపించేది నేనే కదా అని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు, ఊరికే అనలేదు.

పోయిన ఆదివారం సాయంత్రం తిరువళ్ళూరులో జిల్లా ఫైనల్. తిరువళ్ళూరు మీద తిరుత్తణి పిల్లలు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. ఇంకా నాలుగు సెకన్లుందనగా బంతి తనుశ్రీకి అందింది. తిరుత్తణికి ఆడినా తనుశ్రీ మా వీధి పిల్ల. అడుగు ఊడిన నూలు బుట్టను గోడకు కట్టి, ఆ పిల్లకు గురి నేర్పింది నేనే. ఇద్దరిని తప్పించుకుని పైకి లేచింది. ఇక్కడ నేనూ లేచాను. కుడిచెయ్యి తన పని తాను చేసింది, బజర్ మోగింది. ఎడమచెయ్యి మాత్రం బల్ల అంచును పట్టుకునే ఉంది. నేను ఏ కుర్చీలో ఉన్నానో మరిచిపోయి ఆ క్షణం ఉత్త వీధి మామనైపోయాను. బంతి బజర్ తరవాతే ఆమె చెయ్యి వదిలింది. నేరుగా పోయి లోపల పడింది.

బావ నా వైపు చూశాడు. చెయ్యి లేదు. బాస్కెట్ చెల్లిందని రెండు వేళ్ళు కిందికి దించాడు.

తిరువళ్ళూరు జనం ఒక్కసారిగా లేచారు. "సెవిట్టు రెఫరీ", చెవిటి రెఫరీ అని ఒకడు అరవంలో మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఊరూరా ప్రతి రెఫరీనీ తిట్టే తిట్టే అది. కానీ బావ ఆ పెదవులను చదివాడు. ముఖంలో నెత్తురు లేదు.

తిరువళ్ళూరు కెప్టెన్ నివేద కళ్ళనీళ్ళతో ఆయన ముందుకొచ్చింది. "బజర్ కొట్టినాకనే కదా సార్ ఆమె వదిలింది. మీకు వినబడలేదా సార్?"

బావ ఆమెను దాటుకుని నా వైపు తిరిగాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. అనుమానం వస్తే టైము చూసేవాణ్ణి అడగడానికి రూలు ఒప్పుకుంటుంది.

"ముందు బజరా, ముందు బంతా?"

"బజరే బావా."

ఆయన ఇంకొంచెం వంగాడు. ఈసారి గొంతు లేకుండా పెదవులతోనే అడిగాడు. "చెయ్యి ఎత్తినావా?"

ఎత్తలేదంటే అయిపోయేది. పదకొండేళ్ళలో మొదటి తప్పు, ఆయన నన్ను తిట్టేవాడు, నేను పడేవాణ్ణి. కానీ సిగ్గు ముందు పుట్టింది. బాస్కెట్ ఎట్లాగూ రద్దవుతుంది, గెలవాల్సినవాళ్ళే గెలుస్తారు, ఒక్క మాటకు ఎవరి సొమ్ము పోయింది అనుకున్నాను. ఇదంతా రెప్పపాటులో.

"ఎత్తినా," అని పెదవులు కదిలించాను. "నువ్వే చూడ్లేదు."

బావ రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా ఆడించి బాస్కెట్ రద్దు చేశాడు. తిరువళ్ళూరు గెలిచింది. న్యాయమే జరిగింది. తనుశ్రీ కోర్టు మధ్యలో కూలబడి ఏడ్చింది. బావ స్కోరు షీట్ మీద సంతకం పెట్టి, అసోసియేషన్ సెక్రటరీ తంగరాజుతో మెల్లగా అన్నాడు. "ఇదే నాకు కడసారి మ్యాచప్పా. కండ్లు సరిగా లేదు."

తంగరాజు వద్దన్నాడు, బతిమాలాడు. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అరక్కోణం వైపు పోయే రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. కడంబత్తూరు దాటినాక బావ మెడలో విజిల్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టుకో. చెవి పోయినా కండ్లతో నెట్టుకొస్తా ఉంటి. ఇప్పుడు అవీ పాయె."

నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు ముఖం తిప్పుకుని, "నేను చెయ్యి ఎత్తలేదు బావా," అన్నాను. చెప్పేశానని గుండె తేలికైంది కూడా. రైలు మోతలో నా ముఖం కనబడకపోతే ఆయనకు ఒక్క ముక్క అందదని నాకు తెలియదా? తెలుసు. తెలిసే తిప్పాను.

"ఏమన్నావురా?"

"ఏం లేదు."

మణవూరులో రైలు ఆగింది. బావ ఎడమకన్ను అరచేత్తో మూసుకుని స్టేషను బోర్డు చదివాడు. తరవాత కుడికన్ను మూసుకుని మళ్ళీ చదివాడు. బోర్డు కిందున్న చిన్న అక్షరాలు కూడా చదివి నా వైపు తిరిగాడు.

"సరిగా చదివినానా? అన్నీ కనిపిస్తా ఉండాదే. మరి నీ చెయ్యి మాత్రం యాడికి పోయిందిరా?"

అరవై దగ్గరపడుతున్న మనిషి బడిపిల్లాడిలా అడుగుతుంటే ఇక నావల్ల కాలేదు. ఆయనకు ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టి, షెడ్డులో మాట్లాడుకున్నట్టు గొంతు లేకుండా అన్నాను.

"నేను ఎత్తలేదు. అబద్ధం చెప్పినా. నీ కండ్లకి ఏమీ కాలేదు."

రైలు అప్పటికే ఊగుతూ కదిలింది. ఆయన ఒక్క అక్షరం జారనివ్వలేదు. నా పెదవులు ఆగినాక కూడా కాసేపు వాటినే చూశాడు. తిడతాడేమోనని, కొడతాడేమోనని ఎదురు చూశాను. కొట్టినా బాగుండేది.

ఆయన లేచాడు. విజిల్ అడగలేదు. అవతలి వరుసలోకి పోయి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అరక్కోణం దాకా నేను "బావా, బావా" అని పిలుస్తూనే ఉన్నాను.