ఎనిమిదో మూడు

ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు చంద్రమోహన్. పిల్లలు నోటికొచ్చిన జవాబు చెబితే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. "చేసి చూసి చెప్పండి" అని రోజూ గొంతు చించుకునేవాడు. అంతటి మనిషే ఈ పని చేశాడు.

ప్రధాన సంఖ్యల్లో ఆయనకు ముద్దొచ్చే వరస ఒకటుంది. 31, 331, 3331... ఎడమపక్క ఒక్కో మూడు చేర్చుకుంటూ పోతే వచ్చేదల్లా ప్రధాన సంఖ్యేనని ఆయన నమ్మకం. అంటే ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. ఏడు మూళ్ళున్న 33333331ని గణిత దినోత్సవం నాటికి చెక్క పలక మీద చెక్కిమ్మని, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే జైతూన్‌బీకి పురమాయించాడు.

పెన్సిలుతో గీసుకున్నాక ఆమె ఫోన్ చేసింది.

"సార్, ఎడమపక్క ఒక అంకె పట్టే చోటు మిగిలిపోయినాది. పువ్వు చెక్కేదా?"

"పువ్వెందుకమ్మా, ఇంకో మూడు పెట్టు. ఎన్ని పెట్టినా అది ప్రధాన సంఖ్యే."

ఏడు మూళ్ళ దాకా నిజమైంది కదా, ఎనిమిదోది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. భాగించి చూడలేదు.

సభలో పలకను చూసి అందరూ ముచ్చటపడ్డారు. వార్షికోత్సవం బహుమతులు కూడా ఈమెతోనే చేయిద్దామని హెడ్మిస్ట్రెస్ రేణుకాదేవి మైకులోనే చెప్పింది. వెనక వరసలో జైతూన్‌బీ ముఖం వెలిగిపోయింది. అంతలో ముఖ్య అతిథి రాజమోహన్, రిటైరైన లెక్చరరు, ఫోన్లో ఏదో నొక్కి చూశాడు.

"ఇది పదిహేడుతో పోతాది గదయ్యా. ప్రధాన సంఖ్య ఎట్లయితాది?"

రేణుకాదేవి చంద్రమోహన్ వైపు తిరిగింది. "చెక్కేటప్పుడు ఒక మూడు ఎక్కువ పడినట్టుండాది. అంతేనా సార్?"

ఆయన తల ఊపాడు. ఊపకూడదని తెలుస్తూనే ఊపాడు.

"ఏందమ్మా, చూసుకోవద్దా?" అంది రేణుకాదేవి వెనక వరస వైపు చూసి.

జైతూన్‌బీ లేచి నిలబడి ఆయన వంక చూసింది. ఆయన తన చెప్పులు చూసుకున్నాడు.

"చెయ్యి జారినాది మేడం" అంది ఆమె.

"బహుమతుల సంగతి మళ్ళీ చూద్దాంలే" అంది రేణుకాదేవి.

జైతూన్‌బీ సంచీ తీసుకుని వెళ్ళిపోతుంటే చంద్రమోహన్ గేటు దాకా పరిగెత్తాడు.

"చెక్కమన్నది నేనే గదా. ఎందుకట్ల చెప్పినావమ్మా?"

"పిల్లోళ్ళు చూస్తా ఉండారు గద సార్. మీ మాట నమ్మేవాళ్ళు" అని ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఆమె నాలుగు మాటలు తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. చంద్రమోహన్ తిన్నగా లోపలికి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"ఆ ఎనిమిదో మూడు పెట్టమన్నది నేను. నేనే చేసి చూడలేదు. జైతూన్‌బీ చెయ్యి జారలేదు."

రేణుకాదేవి జైతూన్‌బీకి ఫోన్ కలుపుతోంది. ముందు వరసలో తొమ్మిదో తరగతి గోపిక లేచి నిలబడింది.

"మరి ఆమెను అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

గోపిక జవాబు కోసం చూస్తూ కూర్చోకుండా ఉంది.