నోటి దాకా వెళ్లిన చేయి

బాదంపప్పు ప్యాకింగ్ గదిలో కొత్త కెమెరా పెట్టారు. ఆ గది పని చూసుకునేది నేనే. పాత కెమెరాలు ఊరికే చూసేవి. ఇది చేతుల కదలికను బట్టి ఎవరు ఏం చేస్తున్నారో కూడా చెబుతుందట: నింపడం, తూచడం, అతికించడం. తన గదిలో కూడా ఒకటి పెట్టించుకుని మేనేజరు మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే నన్ను పిలిచి తెర చూపించాడు. మా ఆడపడుచు చుట్టూ ఎర్రగీత. పక్కన ‘తినడం’ అని ఉంది.

"మీ మాట మీదే పనిలో పెట్టుకున్నాను. రేపు పంపించేస్తా."

"పప్పు ఎక్కడా కనబడట్లేదు కదండీ?"

"యంత్రానికి ఆవిడ మీద పగేముంటుందమ్మా?"

నిజమే అనిపించింది. సాయంత్రం దేవుడికి దండం పెట్టుకుంటున్నా మనసు నిలవలేదు. ఈ పిల్ల రాత్రిపూట అన్నం ఎందుకు తగ్గించింది? ఆమె స్నానానికి వెళ్లగానే సంచి ముడి విప్పాను. దువ్వెన, తువ్వాలు, తలనొప్పి మాత్రలు. మళ్లీ ముడి వేశాను. ఏమీ దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది. దొంగిలించేవాళ్లు సంచిలో దాస్తారా?

మర్నాడు ఆమె చేతులనే కనిపెట్టి చూశాను. ప్లాస్టిక్ కవర్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీయడానికి ప్రతిసారీ బొటనవేలు నాలుకకు తాకిస్తోంది. అంతే. పప్పు జోలికే పోలేదు.

పరుగున వెళ్లి మేనేజరుకు చెప్పాను.

"ఎంగిలా! తిన్నా నయమేగదమ్మా!" అంటూ ఆయన ఆమె ఉద్యోగ కాగితం కోసం కట్ట తిరగేయసాగాడు, బొటనవేలు తడి చేసుకుంటూ.

తెర మీద ఆయన చుట్టూ ఎర్రగీత వెలిగింది. ‘తినడం.’

ఇద్దరం చూశాం. నేను నేల చూపులు చూశాను. ఆయన కట్ట కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ తడి స్పాంజీలు తెప్పిస్తా. నాకూ ఒకటి. ఆవిణ్ణి పని చేసుకోమనండి."

ఇంటికి నడుస్తూ ఇదంతా చెబితే మా ఆడపడుచు పడీపడీ నవ్వింది. సందు మలుపులో నవ్వు ఆపేసింది.

"వదినా, నా సంచికి నేను ఒక్క ముడే వేస్తాను. పొద్దున చూస్తే రెండున్నాయి."

నేను కొంగు సర్దుకున్నాను.

"ఆ కెమెరాకి నేనెవరో తెలియదు. నీకూ తెలియదా?"

జవాబు కోసం ఆగలేదు. మా ఇద్దరి మధ్య ఊగుతున్న సంచిని అవతలి చేతిలోకి మార్చుకుని నడిచింది.