మిగతా రెండొందల కేలరీలు

సాయంత్రం నాలుగున్నరకి లోర్నా ప్రీస్ స్కూలు క్యాంటీన్ నుంచి ఇంటికొచ్చి, బూట్లు మార్చుకుని, తిట్టుకుంటూ గ్యారేజీలోకి వెళ్ళేది. అక్కడ పొయ్యిలోకి పేర్చిన కట్టెలకీ, దుమ్ము పట్టిన గాలపు కర్రలకీ మధ్య ట్రెడ్‌మిల్ ఉంది. దాని పక్కనే పాత కుర్చీలో ఆమె మొగుడు డెస్, రేడియోలో ఫుటీ ఆట గురించిన కబుర్లు వింటూ టీ తాగుతూ ఉండేవాడు. ఆమె నలభై నిమిషాలు నడిచేది. కుడి మోకాలు అడుగడుక్కీ సలిపేది కాబట్టి రెండు చేతులతో పక్క ఊచలు పట్టుకుని, సగం బరువు వాటిమీదే వేసి నడిచేది. ఆఖర్న ఎర్రటి అంకె వెలిగేది. 412 కేలరీలు.

రోజు మొత్తంలో లోర్నా మొహం విప్పారేది ఆ అంకె చూసినప్పుడు ఒక్కసారే. లోపలికెళ్ళి డబ్బా తీసి, చాక్లెట్టులో ముంచి కొబ్బరి అద్దిన లామింగ్టన్ ఒకటి తినేది. నాలుగొందల పన్నెండు కరిగించిన మనిషి ఒక్క కేకు ముక్క తింటే తప్పేముంది? ఒక్కోరోజు రెండు తినేది. రెండు తిన్నా ఇంకా మిగిలినట్టే కదా.

ఆదివారం పొద్దున స్నానాలగదిలో తూకం ఎక్కేది. మార్చిలో నూట ఆరు కిలోలు. ఏప్రిల్లో నూట ఆరు. అక్కడ నడి చలికాలమైన జూలై వచ్చి, బర్నీ ఊరంతా సముద్రపు చలిగాలికి వణుకుతున్నప్పుడు కూడా నూట ఆరే. ఊదు కాలదు, పీరు లేవదు.

తమాషాకి నడిచే నడకైతే ఇంత మంట ఉండేది కాదు. మోకాలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాలి. వంద కిలోల లోపు దిగితేనే కత్తి పడతానని సర్జన్ చెప్పాడు. సెప్టెంబరు మొదటి వారంలో తూకం వేస్తారు. అప్పటికి దిగకపోతే ఆమె పేరు జాబితా చివరికి పోతుంది, మళ్ళీ వంతు రావడానికి రెండేళ్ళు. రెండేళ్ళకి అరవై అయిదు నిండుతాయి. ఇంటి వెనక కొండ అంచునుంచి సముద్రపు రాళ్ళ దాకా డెబ్బై నాలుగు చెక్కమెట్లు ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలోంచీ ప్రతి శనివారం ఇద్దరూ ఆ మెట్లు దిగి చేపలు పట్టేవాళ్ళు. ఆరేళ్ళుగా లోర్నా దిగలేదు. ఆమె దిగడం మానేశాక డెస్ కూడా మానేశాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఒక్కణ్ణీ అక్కడ కూర్చుని ఎవరితో దెబ్బలాడను?" అనేవాడు.

ట్రెడ్‌మిల్‌ని ఊరి చెత్త డిపో పక్కనుండే టిప్ షాపులో కొన్నారు. జనం పారేసిన వాటిలో పనికొచ్చేవి ఏరి అక్కడ అమ్ముతారు. బర్నీలో సగం ఇళ్ళ సామాను అక్కణ్ణుంచి వచ్చిందే, మిగతా సగం అక్కడికి పోయేదే. ఎక్కగానే అది బరువెంత అని అడుగుతుంది. పాత యజమాని ఎవరో నూట యాభై నాలుగు అని కొట్టి వదిలేశాడు. మార్చాలంటే లోర్నా తన వేలితో తన బరువు కొట్టాలి, అదీ మొగుడు పక్కన కూర్చుని చూస్తుండగా. ఆమెకి చెయ్యి రాలేదు. ఆ నూట యాభై నాలుగునే ఉండనిచ్చి నడక మొదలుపెట్టింది.

"నాలుగొందల పన్నెండా?" అంది క్యాంటీన్‌లో రేలీన్, సాసేజ్ రోల్స్ పళ్ళెంలో పేరుస్తూ. వయసులో లోర్నా కంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నోటికి మాత్రం వయసుతో పని లేదు. "నలభై నిమిషాలకా? నడిచావా, నాగలి లాగావా?"

"ఎర్ర అంకెల్లో రాసి చూపిస్తోందే మెషిను!"

"నా పాత కారు కూడా ఇంధనం నిండా ఉందనే చూపించేది తల్లీ, తోసుకుంటూ ఇంటికెళ్ళేదాన్ని."

రేలీన్ అనేసి ఊరుకోలేదు. ఆ సాయంత్రమే వచ్చి, కేలరీలు లెక్కపెట్టే తన చేతి గడియారం విప్పి లోర్నా మణికట్టుకి కట్టింది. నడకయ్యాక చూస్తే మెషిను 412 అంది, గడియారం 190 అంది.

"చూశావా! ఊచల మీద వాలిపోతే నీ బరువు మోసేది ఆ ఇనుము, నువ్వు కాదు. మెషినుకి ఆ సంగతేం తెలుస్తుంది?"

"నీ గడియారమే తప్పు."

"సరే, నా గడియారమే తప్పు. నీ తూకం కూడా తప్పేనా? మరి ఆ మిగతా రెండొందల చిల్లర ఎవరు కరిగిస్తున్నారంట?"

ఎద్దు పుండు కాకికి ముద్దా? లోర్నా గడియారం విప్పి దాని చేతిలో పెట్టి, గ్యారేజీ తలుపు చూపించింది. కుర్చీలో డెస్ టీ కప్పు కింద పెట్టాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

డెస్ ఎప్పుడూ బక్క మనిషే. కాగితం మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసినా ఒంటికి కండ పట్టలేదు. కానీ ఆ శీతాకాలం మరీ చిక్కిపోయాడు. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడిచాడు, నెల తిరక్కుండా ఇంకోటి పొడిచాడు. లోర్నా తన తూకం గొడవలో పడి పట్టించుకోలేదు. ఒక ఉదయం చొక్కా లేకుండా కనబడ్డాడు. వీపున ఎముకలు లెక్కపెట్టొచ్చు. చెయ్యి పట్టుకుని తూకం ఎక్కించింది. అరవై ఒక్క కిలోల మనిషి యాభై ఆరుకి వచ్చాడు.

మిల్లులో పనిచేసినవాళ్ళకి ఏమేం రోగాలొస్తాయో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. రక్తం తీశారు, గొట్టం వేశారు, గుండ్రటి మెషినులో దూర్చి ఫోటోలు తీశారు. మూడు వారాలు లోర్నాకి నిద్ర లేదు. ఫలితాలన్నీ వచ్చాక డాక్టర్ పిలింజర్ కాగితాలు తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"అంతా శుభ్రంగా ఉంది. ఇంట్లో వ్యాయామం చేసే మెషిను ఏదైనా ఉందా?"

"ట్రెడ్‌మిల్ ఉంది," అంది లోర్నా.

"ఎవరు నడుస్తారు?"

"నేను. ఈయన పక్కన కూర్చుని టీ తాగుతాడు."

"పక్కనే? ఆహా. బరువు సరిగ్గా కొట్టారా?"

లోర్నా గోడమీది క్యాలెండర్ కేసి చూసింది.

"ఊచలు పట్టుకుంటారా?"

క్యాలెండర్‌లో ఒక దీపస్తంభం బొమ్మ ఉంది.

"అదీ సంగతి," అన్నాడు డాక్టర్. "చూపించిన అంకె ఎక్కడో ఒకచోట కరగాలి కదా. మీ దగ్గర దొరికినంత మీ దగ్గర తీసుకుంటుంది. చాలకపోతే పక్కనున్న వాళ్ళ దగ్గర లాగుతుంది. ఈ చలికాలంలో నాకిది నాలుగో కేసు. పక్కనున్న విన్యార్డ్ ఊళ్ళో ఒకావిడ ఇంట్లో వ్యాయామం సైకిలు తొక్కితే పాపం కుక్క చిక్కిపోయింది. ఫ్లూ సూది వేయించుకున్నారా ఇద్దరూ?"

సూదులు వేయించుకుని కారెక్కారు. లోర్నా తాళంచెవి తిప్పలేదు.

"నీకు తెలుసు," అంది.

డెస్ కిటికీలోంచి చూశాడు. "మే నెలనుంచీ."

"మే నెలనుంచీ!"

"నువ్వు నడక మొదలెట్టగానే నాకు చెమట పట్టేది. నువ్వు ఆపగానే ఆగేది. అది తెలుసుకోడానికి పెద్ద చదువులు కావాలా?"

"మరి నోరు పెట్టుకుని చెప్పవచ్చు కదా, వెధవా! లేచి అవతలికి పోవచ్చు కదా! నీకు కాన్సరేమో అని నేను రాత్రిళ్ళు దిండు కొరుక్కుంటుంటే, నువ్వు కుక్కిన పేనులా కూర్చున్నావా?"

"తింటూనే ఉన్నాను. రోజూ బేకరీకెళ్ళి ఆల్చిప్పల కూర పెట్టి కాల్చిన స్కాలప్ పై రొట్టె ఒకటి. ఒక్కోరోజు రెండు." సీటు బెల్టు సర్దుకున్నాడు. "ఆ అంకె వెలిగినప్పుడు నీ మొహం చూసుకోలేదు నువ్వు. ఆరేళ్ళలో అలా చూడలేదు నేను. నువ్వు మళ్ళీ మెట్లు దిగుతావనుకున్నాను."

లోర్నాకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి పంపాలో తెలియక హారన్ మీద చేత్తో కొట్టింది. పక్క కారులో ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

ఆ సాయంత్రమే ట్రెడ్‌మిల్ తీగ పీకేసి చుట్టచుట్టింది. ఐదు నెలలు నడిచిందా, ఏమొచ్చింది? తన ఒంట్లోంచి పిసరు పోలేదు, మొగుడి ఒంట్లోంచి ఐదు కిలోలు పోయాయి. బయట నడుద్దామంటే బర్నీలో వీధులన్నీ ఏటవాలే, మోకాలు ఎక్కనివ్వదు, దిగనివ్వదు. సెప్టెంబరు తూకానికి ఇంకా ఏడు వారాలున్నాయి. సర్జన్ ఆఫీసుకి ఫోన్ చేసి పేరు తీసేయమందామని రెండుసార్లు ఫోన్ ఎత్తి పెట్టేసింది. ఎవరిని తిట్టాలో తెలియక క్యాంటీన్‌లో పిల్లల్ని తిట్టింది, రేలీన్‌ని తిట్టింది. తూకాన్ని కాలితో తన్నితే నొప్పి పుట్టింది కుడి మోకాలికే.

తరవాతి సోమవారం, వంటింట్లో కుర్చీలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడెక్కింది. నుదుట చెమట పట్టింది. గుండె దడదడలాడింది. దుంప చేతిలో ఉండగానే ఆయాసం. వంటింటి గోడకి అవతల గ్యారేజీలోంచి బెల్టు తిరుగుతున్న చప్పుడు.

కుంటుకుంటూ వెళ్ళి తలుపు తోసింది. డెస్ ట్రెడ్‌మిల్ మీద ఉన్నాడు. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతో, రెండు ఊచలకీ చంకలు ఆనించి దండెం మీద బట్టలా వేలాడుతున్నాడు. కాళ్ళు బెల్టు మీద ఊరికే ఈడ్చుకుపోతున్నాయి. మెషిన్లో బరువు నూట ఎనభై అని కొట్టి ఉంది, అంతకంటే పైకి అది ఒప్పుకోదు. అంకె మూడొందలు దాటింది. డెస్ నుదుట ఒక్క చెమటచుక్క లేదు.

"దిగు! ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయి నీకు?"

"నేను నడిచేదేముంది? మహా అయితే నలభై కేలరీలు. మిగతాదంతా నీది," అన్నాడు వేలాడుతూనే. "కుర్చీలో కూర్చో. నా టీ చల్లారిపోతుంది, తాగు."

"ఇది మోసం డెస్."

"అబద్ధాలాడేది అది. మనం దాని పక్కన కూర్చోవలసినవాళ్ళు ఎవరో చూసుకుంటున్నాం, అంతే."

లోర్నా కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది, నిలబడే ఓపిక లేదు.

ఆ ఏడు వారాల్లాంటి చికాకు రోజులు ఆమె ఎరగదు. నడిచి అలిసిపోతే నడిచామన్న తృప్తయినా ఉంటుంది. ఊరికే కూర్చుని, ఫుటీ కబుర్లు వింటూ, నీళ్ళోడుతూ రొప్పడం ఏం బతుకు? "ఇంకా ఎంతసేపు?" అని నిమిషానికోసారి అరిచేది. "నోరు మూసుకుని చెమట కార్చు," అనేవాడు డెస్. పైగా నడవకుండా లామింగ్టన్ తినడానికి మొహం చెల్లలేదు. డబ్బా రేలీన్‌కి ఇచ్చేసింది. మెషిను దిగి డెస్ మాత్రం ఆమె కళ్ళముందే పై రొట్టె తినేవాడు, పొరలు చొక్కా మీద రాల్చుకుంటూ. ఆదివారం తూకం నూట అయిదు చూపించింది. మరుసటి ఆదివారం నూట నాలుగు. ఆగస్టు చివరికి డెస్ బెల్టు పాత చిల్లుకి తిరిగొచ్చింది.

సెప్టెంబరులో సర్జన్ గదిలో తూకం తొంభై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది.

"బాగుంది. ఏం వ్యాయామం చేశారు?" అన్నాడు సర్జన్, రాసుకుంటూ.

"నేను కూర్చున్నాను. ఆయన నడిచాడు."

సర్జన్ తలెత్తకుండా అదే రాసుకుని, అక్టోబరు పద్నాలుగుకి రమ్మన్నాడు.

కొత్త మోకాలు పడ్డాక ట్రెడ్‌మిల్‌ని టిప్ షాపుకి తిరిగిచ్చేశారు. లోర్నా దానికో కాగితం అంటించింది. "నీ బరువు నిజం కొట్టు. ఊచలు వదిలెయ్యి. చేతకాకపోతే పక్కన ఎవరినీ కూర్చోనివ్వకు."

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, గాలపు కర్రల దుమ్ము దులిపి డెస్‌కిచ్చి, ఒక చేత్తో బక్కెట్టు, ఇంకో చేత్తో చెక్క ఊచ పట్టుకుని, లోర్నా చెక్కమెట్ల మీద కాలు పెట్టింది. ఇరవై దిగింది. ఎక్కడ కలుక్కుమంటుందో అని కాచుకుంటూ నలభై దిగింది. ఏమీ కాలేదు. డెబ్బై నాలుగూ దిగి రాళ్ళమీద నిలబడింది. ఆరేళ్ళ తరవాత సముద్రం ఆమె బూట్ల మీద చిలకరించింది. ఆయాసం లేదు. అరచేతులైనా తడవలేదు. ఇంత సులువా అని నవ్వొచ్చింది.

వెనక్కి తిరిగింది. డెస్ యాభయ్యో మెట్టు దగ్గర కూలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నోరు తెరిచి రొప్పుతున్నాడు.

"మెషిను పారేశాం కదయ్యా!" అని అరిచింది లోర్నా.

"పారేశాం," అన్నాడు డెస్, ఊపిరి తీసుకుంటూ. "అలవాటు పోలేదు."

ఆమె తిట్టబోయింది. ఇంత పొడుగు జీవితంలో అతని మీద ఒక్క తిట్టు కూడా మిగల్చలేదనుకుంటా, ఏదీ నోటికి రాలేదు. మెట్లెక్కి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. రుమాలు తీసి మెడ తుడిచింది.

"ఎక్కేటప్పుడు నాది," అంది.

పొద్దు వాలేటప్పటికి బక్కెట్టులో మూడు చేపలు పడ్డాయి. లోర్నా డెస్‌ని ముందు నడవమంది, చేతులు జేబులో పెట్టుకోమంది. తను బక్కెట్టు పట్టుకుని వెనక ఎక్కింది. పక్కనున్న చెక్క ఊచని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒక్కో మెట్టూ పైకి లెక్కపెట్టింది. యాభై దాటాక కళ్ళలోకి చెమట కారి మండింది, మోకాలు గుంజింది, గుండె చెవుల్లో కొట్టుకుంది. డెబ్బై నాలుగు అని పైకి రాగానే బక్కెట్టు దింపి, ఒగరుస్తూ, అరచెయ్యి డెస్ నుదుటి మీద పెట్టి చూసింది.

పొడిగా ఉంది.